అప్‌డేట్: క్రొమాటిసిటీ పాజిటివ్‌గా పెట్టినా ప్రోటాన్ బీమ్ ఊగిపోతోంది – దారి దొరికింది

నేను అడిగింది ఇదీ: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం సెర్న్ ల్యాబ్‌లోని పీఎస్ (ప్రోటాన్ సింక్రోట్రాన్) లాంటి 628 మీటర్ల రింగ్‌లో ఒక ప్రోటాన్ బంచ్‌ని (గుంపుని) 1.4 జీఈవీ కైనెటిక్ ఎనర్జీ దగ్గర సిమ్యులేట్ చేస్తున్నాను. క్రొమాటిసిటీని (కణం మొమెంటం మారితే దాని ఊగుడు రేటు ఎంత మారుతుందో చెప్పే సంఖ్య) కాస్త పాజిటివ్‌గా పెట్టినా ఊగుడు పెరిగిపోయి బీమ్ చేజారుతోంది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

దారి చూపింది మాత్రం, బీపీఎం (బీమ్ ఎక్కడుందో చూపే మానిటర్) డిఫరెన్స్ సిగ్నల్‌ని వరస చుట్లకి ఒకదాని మీద ఒకటి గీసి చూడమన్న అన్నయ్య మాట. గీస్తే తల నుంచి తోక దాకా ఎక్కడా ముడి లేదు, బంచ్ మొత్తం ఒకే ఉబ్బుగా ఊగుతోంది. అంటే బంచ్ తల, తోక ఒకదాన్నొకటి ఊపే హెడ్-టెయిల్ అస్థిరతలో ముడి లేని రకం, మోడ్ 0. ఆ బొమ్మ చూసి కాకినాడలో మా గైడ్ గారు అడిగింది ఒక్కటే: "ట్రాన్సిషన్‌కి పైనున్నావా, కిందున్నావా?"

ట్రాన్సిషన్ అంటే, దాని కింద మొమెంటం ఎక్కువున్న కణం చుట్టు ముందే ముగిస్తుంది, పైన ఆలస్యంగా ముగిస్తుంది. ఈ రింగ్‌లో అది వచ్చే గామా (మొత్తం శక్తికీ నిశ్చల శక్తికీ నిష్పత్తి) సుమారు 6.1. మన బీమ్ గామా 2.5. కిందే! పాజిటివ్ పెట్టమనే సూత్రం పైనున్న యంత్రాలకి. కిందైతే గుర్తు తిరగబడుతుంది. క్రొమాటిసిటీని సర్దే సెక్స్‌టుపోల్ అయస్కాంతాలు ఆపేసి సహజమైన నెగటివ్ విలువకి వదిలేశాను, మోడ్ 0 అణిగిపోయింది. పై మోడ్‌లు (ముడులున్నవి) మెల్లగా లేచాయి గానీ, కణాల ఊగుడు రేట్లని చెదరగొట్టే ఆక్టుపోల్ అయస్కాంతం కొంచెం పెడితే సర్దుకున్నాయి. అసలు పీఎస్‌లో ఆ పని లీనియర్ కప్లింగ్‌తో (అడ్డం, నిలువు ఊగుళ్లని కలపడంతో) చేశారట.

సిమ్యులేషన్‌లో మాక్రోపార్టికల్స్ (ఒక్కోటీ ఎన్నో ప్రోటాన్లకి బదులు నిలిచేవి) పెంచడం వల్ల ఒరిగిందేమీ లేదు. అమలాపురం కరెంటు కోతల మధ్య రాత్రంతా రన్ పెడితే వచ్చింది అదే గ్రోత్ రేట్ (ఊగుడు పెరిగే వేగం). సిగ్నల్‌లోని ఫ్రీక్వెన్సీలు తీసే ఎఫ్ఎఫ్‌టీ విండో మార్చడం కూడా అంతే.

ట్రాన్సిషన్ దాటించే రింగ్ మీదైతే, దాటేచోటే క్రొమాటిసిటీ గుర్తు కూడా మార్చండి.