ఊర్ల యూత్ పిల్లలకు క్లాసులా, పనా?

దేవరకొండ దిక్కు నుంచి:
అన్నా, మా ఊర్ల యూత్ ఉంది గానీ వినాయకుని చందాలు అయిపోతే మల్ల దసరా దాక ఎవ్వడు కనవడడు, ఇంటర్ పిల్లలు ఇరవై మంది ఉన్నరు, మైకు ఇస్తే చెమటలు పడ్తున్నయ్. లీడర్‌షిప్ క్లాసులు పెట్టిద్దామా లేక ఏదన్న పని అప్పజెప్దామా?

పాత నల్గొండోడు:
క్లాసులొద్దు తమ్మీ, నిద్రవోతరు. కోళ్లు పెట్టియ్. మేం యాభై నాటుకోడి పిల్లలతోని షురూ జేసినం, మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వేడి, ఏడో రోజుకల్ల కొక్కెర తెగులుకు కంట్ల లసోటా టీకా చుక్క. రాత్రి కాపలా ఎవ్వలని పెద్ద లొల్లి అయింది, చివరికి వాళ్లే వంతులు రాసుకున్నరు. దాణా లెక్క రాసిన పిల్ల గిప్పుడు గ్రామసభల లేచి సర్పంచ్‌నే అడుగుతది!

పాలమూరు పిల్ల:
అమెరికాల ఫోర్-హెచ్ క్లబ్బులు గూడ గిట్లనే, 1902ల ఒహాయో పల్లె పిల్లలతోని మొదలైనయ్. తల, గుండె, చేతులు, ఆరోగ్యం, ఇంగ్లీషుల నాలుగూ హెచ్‌తోనే. మీకు కంపసాగర్‌ల రైతులకు నేర్పే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది కదా, మాకు పాలెంల ఉన్నట్లు, పోయి అడుగు.

ఇంకొకాయన:
పైసల డబ్బా ఒక్కని చేతిలనే పెట్టకు. మా సంఘం గట్లనే ఆగింది.

దేవరకొండ దిక్కు నుంచి:
సరే అన్నా. పిల్లి బాధ ఉంది మా దగ్గర, కోళ్ల గూటికి ఇనుప జాలి ఎంత పడ్తది?