బీట్‌రూట్ వాఫిల్ ఇటుక రంగులోకి తిరిగిపోతోంది, ఆదివారంలోగా దారి చెప్పండి

నిజాంపేట కోడలు:
నమస్తే అండీ. వచ్చే ఆదివారం మా అత్తగారికి 60 నిండుతాయి. ఇంట్లో ఎవరి పుట్టినరోజైనా తెల్లారుజామున 4 గంటలకే లేచి పులిహోర, పరమాన్నం చేసిపెట్టేది ఆవిడే. ఈసారి ఆవిణ్ణి పొయ్యి దగ్గరికి రానివ్వకూడదని నా పట్టుదల. పూజ అయ్యాక 11 గంటలకి 12 మందికి బ్రంచ్ పెడుతున్నాం. నానమ్మకి రంగురంగుల వాఫిల్స్ (గడుల అచ్చున్న మెషీన్‌లో పిండి పోసి కాల్చేవి) చేద్దామని మా పాప కాగితం మీద బొమ్మ కూడా వేసింది. గులాబీ, పచ్చ, పసుపు, నీలం. అత్తగారు గుడ్డు ముట్టరు. సీసా రంగులు వాడటం నాకిష్టం లేదు.

నిన్న చేసి చూశాను. కప్పు మైదా, ముప్పావు కప్పు పాలు, మూడు చెంచాల పంచదార, చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా వంటసోడా, ఉడికించిన బీట్‌రూట్ ముద్ద. గిన్నెలో ఉన్నంతసేపూ రాణీ రంగు పట్టుచీరలా ఉంది. మెషీన్ మూత తీస్తే ఇటుక ముక్క! పసుపు వేసిన పిండైతే కలుపుతుండగానే ఎర్రబడింది. పైగా ప్లేటులో పెట్టిన ఐదు నిమిషాలకే అన్నీ మెత్తబడిపోయాయి. పాప ముఖం చూడలేకపోయాను.

బెజవాడ వంటిల్లు:
తప్పంతా వంటసోడాదే అమ్మా. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, మీ గిన్నెలో జరిగిందీ అదే. బీట్‌రూట్‌కీ సోడా పడదు. అది పూర్తిగా మానేసి బేకింగ్ పౌడర్ ఒకటిన్నర చెంచా వేయండి. బీట్‌రూట్ ఉడికించొద్దు. పచ్చిదే మిక్సీ పట్టి, గుడ్డలో పిండి, ఆ చిక్కటి రసం సగం పాల బదులు పోసి, చెంచా నిమ్మరసం కలపండి. పంచదార ఒక్క చెంచా చాలు. ఎక్కువైతే పైన త్వరగా ఎర్రగా కాలి అసలు రంగుని కప్పేస్తుంది. సెగ కూడా మధ్యస్థంగానే ఉంచండి.

పాలకూర పిండికి మాత్రం పులుపు తగలనివ్వకండి. గోంగూర ఉడికాక ఏ రంగుకి వస్తుందో తెలుసుగా, పాలకూరా అలాగే అవుతుంది. మరిగే నీళ్లలో నిమిషం ముంచి, వెంటనే చన్నీళ్లలో వేసి రుబ్బుకోండి.

ఫ్రిస్కో అక్క:
మెత్తబడటానికి కారణం ఆవిరి చెల్లీ. మైదాలో రెండు చెంచాలు తీసేసి కార్న్‌ఫ్లోర్ వేయి, మూడు చెంచాల కరిగించిన వెన్న పోయి. మెషీన్ పక్కల నుంచి ఆవిరి ఆగేదాకా మూత ఎత్తకు. తీసినవి ప్లేటులో పెట్టకు, ఒకదాని మీద ఒకటి అసలే పేర్చకు. జాలీ మీద విడివిడిగా పరిచి, ఓవెన్‌లో 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే 12 మందికీ వేడిగా, కరకరలాడుతూ అందుతాయి.

నీలం మాత్రం పిండిలో కలపొద్దు. శంఖుపూల నీలం మీద కాలిన రంగు పడితే బూడిదలా కనిపిస్తుంది. ఎండు పూలు వేడినీళ్లలో నానబెట్టి, వడకట్టి, ఆ నీళ్లతో పంచదార పాకం పట్టి చిన్న జగ్గులో పెట్టు. మీ పాప అందులో నిమ్మచెక్క పిండితే నానమ్మ కళ్లముందే నీలం ఊదాగా మారుతుంది. మా అబ్బాయి అది చూసి మూడుసార్లు చేయించాడు.

నిజాంపేట కోడలు:
అక్కా, అమ్మగారూ, రాత్రి అందరూ పడుకున్నాక మళ్లీ వేశాను. గడుల లోపల చక్కటి గులాబీ రంగు, గట్టు అంచుల్లో మాత్రం కాస్త గోధుమరంగు. విరిస్తే టక్కుమంది! ముక్క దాచి పొద్దున పాపకి చూపిస్తే బొమ్మ పక్కన పెట్టి పోల్చుకుంది. ఒక్క సందేహం, పిండి శనివారం రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

బెజవాడ వంటిల్లు:
వద్దమ్మా. రసం, పాలకూర ముద్ద రాత్రే చేసి పెట్టుకోండి. పొడిపిండి విడిగా కొలిచి ఉంచండి. తడీ పొడీ కలపడం మాత్రం పొద్దున, మెషీన్ వేడెక్కాకే. బేకింగ్ పౌడర్ రాత్రంతా తడిసి ఉంటే సరిగా పొంగదు.