‘డిటెక్టివ్ ఫీవర్’ని తెలుగులో ఏమందాం?

అందరికీ నమస్కారం. విల్కీ కాలిన్స్ ‘ది మూన్‌స్టోన్’ ఎప్పుడో కాలేజీలో చదివాను, మళ్ళీ ఈ వారం ఆడియో నాటకంగా విన్నాను. 1868లో డికెన్స్ పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. 1799లో శ్రీరంగపట్నం కోట పడినప్పుడు ఒక ఇంగ్లీషు అధికారి కాజేసిన వజ్రం యార్క్‌షైర్‌లో ఒక పుట్టినరోజు రాత్రి మాయమైపోతుంది. ఆ ఇంటి పెత్తనం చూసే బెటరెడ్జ్, డెబ్భై దాటిన మనిషి, దొంగను పట్టాలన్న ఆత్రం తనను ఎలా పట్టుకుందో చెబుతూ దానికి ‘డిటెక్టివ్ ఫీవర్’ అని పేరు పెడతాడు. చదివినప్పుడు గబగబా దాటేసిన మాట. విన్నప్పుడు మాత్రం ఆ ముసలి గొంతు ఆగి ఆగి, కడుపులో మంట, నడినెత్తిన దడదడ అంటూ రోగలక్షణాలు అప్పజెబుతుంటే నాకూ గుండె కొట్టుకుంది, అక్కడే ఆపి మళ్ళీ వెనక్కి తిప్పి విన్నాను.

దీన్ని తెలుగులో ఏమనాలి? ‘అపరాధ పరిశోధనా జ్వరం’ అంటే పాఠం పేరులా ఉంది, ఆ ముసలాయన నోట పలకదు. ‘పరిశోధన పిచ్చి’ నోటికి హాయిగానే ఉంది గానీ పిచ్చి మనలోనే పుడుతుంది, జ్వరం పక్కవాళ్ళ నుంచి అంటుకుంటుంది. బెటరెడ్జ్‌కి ఇది ఆ వజ్రం కూపీ తీయడానికొచ్చిన పోలీసు డిటెక్టివ్ సార్జెంట్ కఫ్ పక్కన తిరిగితే అంటుకుంది.

జవాబు: ‘కూపీ జ్వరం’ ఎలా ఉంటుందండీ? కూపీ లాగడం అంటాం కదా. లేదా డిటెక్టివ్ అనే ఉంచేయండి, కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ నాటి నుంచీ అది మన మాటే. జ్వరం కంటే పిచ్చే నయమని నాకనిపిస్తుంది, క్రికెట్ పిచ్చి, సినిమా పిచ్చి అన్నట్టు.

జవాబు: కూపీ భలే మాటండీ, నాకు తట్టనే లేదు. అందులో కాస్త సిగ్గుపడే పని అన్న ఛాయ కూడా ఉంది. తన కింద పనిచేసే రొజానాని పోలీసులు అనుమానిస్తుంటే బెటరెడ్జ్‌కి మనసొప్పదు, అయినా కఫ్ వెంట వెళ్ళకుండా ఉండలేడు, కాబట్టి ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

జ్వరాన్ని మాత్రం నేను వదలను. (చదవనివాళ్ళు ఇక్కడే ఆగండి, కథ ముడి విప్పేస్తున్నాను.) ఆ పుట్టినరోజు విందు నుంచి వానలో తడుస్తూ ఇంటికెళ్ళిన డాక్టర్ క్యాండీకి నిజంగానే జ్వరం వస్తుంది, కోలుకున్నాక ఆ రాత్రి సంగతి గుర్తుండదు. జ్వరంలో ఆయన పలవరించిన, మనమైతే సంధి మాటలని కొట్టిపారేసే తెగిన మాటల్ని ఆయన సహాయకుడు ఎజ్రా జెన్నింగ్స్ రాసిపెట్టుకుని, మధ్య ఖాళీలు పూరిస్తాడు. వైద్యాన్ని తీసిపారేసిన ఆ ఇంటి బంధువు ఫ్రాంక్లిన్ బ్లేక్‌కి డాక్టర్ చెప్పకుండా నల్లమందు పట్టించాడని అలా తెలుస్తుంది. ఒక జ్వరం కథను పరిగెత్తిస్తే ఇంకొకటి గుట్టు విప్పుతోంది, మొదటిదాన్ని పిచ్చి అంటే ఈ లంకె తెగిపోతుంది.

బెటరెడ్జ్ బ్లేక్‌ని అడిగే మాట ఇలా రాసుకున్నాను: “కడుపులో అదోలా మంటగా ఉందా చిన్నబాబుగారూ? నడినెత్తిన సుత్తితో బాదుతున్నట్టుందా? దాన్నే నేను కూపీ జ్వరం అంటాను. నాకు కఫ్ గారి దగ్గర తగులుకుంది.”

‘తగులుకుంది’ సరిపోతుందా, ‘అంటుకుంది’ అనాలా?