రెండు చివర్లా ఇంజన్ ఉన్న డీజిల్ రైలు గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మా నాన్నగారు ఇక్కడి డీజిల్ షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులతో ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నారు. మొన్న ఫోన్‌లో బ్రిటన్ వాళ్ల ఇంటర్‌సిటీ 125 రైలు చూపించాను. అప్పటినుంచి ఆయన అడుగుతున్న ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు.

నేను చదివింది ఇంతే: 1976లో మొదలైంది, వేగం గంటకు 201 కిలోమీటర్లు. ముందొకటి, వెనకొకటి పవర్ కార్లు (ఇంజన్ ఉండే పెట్టెలు), ఒక్కోటి 2250 హార్స్‌పవర్. 1987లో 239 కిలోమీటర్ల వేగం కూడా అందుకుంది. డీజిల్ ఇంజన్ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ని తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు చక్రాలను తిప్పుతాయి. ఇది నాన్నగారికి కొత్తేమీ కాదు, ఆయన చేతుల మీదుగా ఎన్నో డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్లు వెళ్లాయి.

ఆయన సందేహం వేరు. మన దగ్గర రెండు ఇంజన్లు పక్కపక్కనే కలిపితే జంపర్ కేబుల్ (రెంటినీ కలిపే కంట్రోల్ వైర్లు) సరిపోతుంది. అక్కడ మధ్యలో ఏడెనిమిది బోగీలున్నాయి కదా, డ్రైవర్ నాచ్ (ఇంజన్ పవర్ మెట్టు) పెంచితే వెనక ఇంజన్‌కి ఆ సంగతి ఎలా చేరుతుంది? వైర్లు బోగీలన్నిటి గుండా వెళ్తాయా? వెనక దాని చక్రాలు జారితే ముందు డ్రైవర్‌కి తెలుస్తుందా? ఒకటి దారిలో ఆగిపోతే మిగతాది మొత్తం లాగుతుందా?

ఒక్క పెద్ద ఇంజన్ పెట్టకుండా రెండుగా ఎందుకు పంచారన్నదీ అడిగారు. ఇరుసు మీద బరువు తగ్గించడానికేనేమో అన్నాను, ఆయన ఒప్పుకోలేదు.

లోకో పైలట్లు, షెడ్‌లో చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా రాయండి. చదివి వినిపిస్తాను.