అన్బో-4 పారాసోల్ మోడల్: థ్రాటిల్ ఇస్తే ముక్కు లేస్తోంది, రెక్క కోణం తగ్గించాలా?

లిథువేనియా సైనిక వైమానిక ఇంజనీర్ అంటానాస్ గుస్టైటిస్ డిజైన్ చేసిన అన్బో-4 అనే పారాసోల్ (బాడీకి పైన స్ట్రట్లు, అంటే ఊత కడ్డీల మీద రెక్క నిలిచే) విమానానికి ఆర్‌సీ (రేడియో కంట్రోల్) మోడల్ ఇది. 1934లో ఆయన నాయకత్వంలో మూడు విమానాలు యూరప్ చుట్టి వచ్చాయే, ఆ రకమే.

రెక్క పొడవు 1400 మి.మీ., బ్యాటరీతో బరువు 1.7 కిలోలు, 12×6 ప్రొపెల్లర్. బాడీతో పోలిస్తే రెక్క కోణం +3 డిగ్రీలు, తోక 0. సగం థ్రాటిల్‌లో చక్కగా పోతుంది. ఫుల్ ఇచ్చిన క్షణంలో కాదు, వేగం పుంజుకున్నాక ముక్కు పైకి లేస్తుంది. థ్రాటిల్ పూర్తిగా తీసేసి 45 డిగ్రీల డైవ్‌లో వదిలినా తనంతట తానే గట్టిగా పైకి తిరుగుతోంది.

మోటార్ డౌన్‌థ్రస్ట్ (మోటార్‌ని కిందికి వంచే కోణం) 2 నుంచి 4 డిగ్రీలకు పెంచాను, తేడా స్వల్పం. ఇంకా పెంచితే ప్రొపెల్లర్ హబ్ గుండ్రటి కౌలింగ్ (ముక్కు కవర్) మధ్యలోంచి కిందికి జారి చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. సీజీని (బరువు కేంద్రాన్ని) రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి 30 శాతం దగ్గర్నుంచి 26కి ముందుకు జరిపితే ఎలివేటర్‌కి (ముక్కును ఎత్తి దించే తోక పలకకి) అప్-ట్రిమ్, అంటే ఎప్పుడూ కాస్త పైకి ఉండే సర్దుబాటు, ఇవ్వాల్సి వచ్చింది, సమస్య ఇంకా ముదిరింది. థ్రాటిల్-ఎలివేటర్ మిక్స్ (థ్రాటిల్ పెంచితే ఎలివేటర్ తనంతట కిందికి కదిలే సెట్టింగ్) 8 శాతం పెడితే పవర్‌లో సర్దుకుంటోంది గానీ డైవ్‌లో అదే తంతు. మిక్స్‌తో దాచడం నాకిష్టం లేదు కూడా.

రెక్క మోసే వెనక స్ట్రట్లు పొడిగించి కోణాన్ని +1.5కి దించుదామా అనుకుంటున్నాను. అవి సోల్డర్ చేసిన స్టీలు తీగలు, ఓసారి కోస్తే మళ్లీ మొదటికి రావడం కష్టం.

పారాసోల్ మోడళ్లు ఎగరేసినవాళ్లు చెప్పండి: స్ట్రట్లు కోయాలా, లేక సీజీని 30 దాటించి వెనక్కి జరిపితే సరిపోతుందా?