జపాన్‌లో చివరి మూడు రోజులు: హిరోషిమాకా, కోయాసాన్‌కా?

అందరికీ నమస్తే. ఒక్కదాన్నే జపాన్ వచ్చాను, ఇప్పుడు క్యోటోలో ఉన్నాను. గురువారం రాత్రి ఒసాకా కాన్సాయ్ నుంచి తిరుగు విమానం. ఇక్కణ్ణుంచి హిరోషిమా షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో దాదాపు 1 గంట 40 నిమిషాలే. శాంతి స్మారక మ్యూజియం చూడకుండా వెళ్లబుద్ధి కావట్లేదు. కానీ మనసంతా కొండ మీది బౌద్ధ ఆలయాల ఊరు కోయాసాన్ మీదే ఉంది: గుడిలో బస, అక్కడి పాత శ్మశానవాటిక ఒకునోయిన్‌లో దేవదార్ల కింద 2 కిలోమీటర్ల నడక. పైగా నేను శాకాహారిని. ఇక్కడ ఉత్త నూడుల్స్ పులుసులోనూ ఎండుచేపలతో కాచిన దాషి అనే రసం వేస్తారు. నిన్న రాత్రి ఉమెబోషి (ఉప్పులో ఊరవేసిన పుల్లటి పండు) పెట్టిన ఓనిగిరి అన్నం ముద్దతో సరిపెట్టుకున్నాను. ఆ పులుపు నాలిక్కి తగలగానే అమ్మ పెట్టే ఉసిరికాయ గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. గుడిలో అయితే చేప, మాంసం లేని షోజిన్ భోజనం పెడతారు.

పెద్ద సూట్‌కేసుతో ఒసాకాలోని నంబా స్టేషన్‌లో రైలెక్కి, ఆపై కేబుల్ కారు దాకా వెళ్లడం ఒంటరిగా కుదురుతుందా? సామాను ఒసాకాలో ఉంచేయనా? రెండు ఊళ్లూ చూడగలనా, ఒకటి వదులుకోవాలా? వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి, రేపు పొద్దున్నకల్లా టికెట్ తీసుకోవాలి.