జలపాతం దాకా ఒక్క రోజు నడక: ఎన్నింటికి బయలుదేరాలి, ఎన్నింటికి వెనుదిరగాలి?

తొలిఅడుగు:
అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మేము ఐదుగురం అడవిలోని ఒక జలపాతం దాకా నడిచి, అదే రోజు తిరిగి రావాలని అనుకుంటున్నాము. మాలో పదేళ్ల మా అబ్బాయి, అరవై రెండేళ్ల మా అమ్మ కూడా ఉన్నారు. అమ్మ రోజూ గంటసేపు నడుస్తుంది కానీ, అది చదునైన దారి. అటవీ శాఖ అనుమతి దొరికింది. దారి వివరాల్లో వెళ్లడానికి 6 కిలోమీటర్లు, ఎత్తు తేడా 450 మీటర్లు, కష్టం మధ్యస్థం అని మాత్రమే ఉంది. బాట గుట్ట మీద మొదలై లోయలోకి దిగుతుందట. సూర్యాస్తమయం సుమారు 6 గంటలకు. ఉదయం 10 గంటలకు నడక మొదలుపెట్టి, మధ్యాహ్నం జలపాతం దగ్గర గడిపి, చీకటి పడేలోగా తిరిగి వచ్చేయవచ్చునని నా అంచనా. ఇది సరైనదేనా? ఇంకా ఏమేమి చూసుకోవాలి?

నిదానపునడక:
మీరు చెప్పిన వివరాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది బాట కిందికి దిగుతుందన్న మాట. కొండ శిఖరానికి వెళ్లే నడకలో ఎక్కుడంతా కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే అయిపోతుంది, తిరుగు ప్రయాణంలో దిగితే చాలు. లోయలోని జలపాతానికి వెళ్లేటప్పుడు ఈ వరుస తలకిందులవుతుంది: పొద్దున హాయిగా దిగిపోతాము, నీళ్లలో ఆడతాము, కడుపునిండా తింటాము, ఆ తరువాత ఎండలో 450 మీటర్లు ఎక్కవలసి వస్తుంది. అందువల్ల వెళ్లడానికి పట్టిన సమయమే రావడానికీ పడుతుందని లెక్కవేసుకున్నవారు దాదాపు ఎప్పుడూ ఆలస్యమవుతారు.

సమయం అంచనాకు స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికివస్తుంది. దాని ప్రకారం గంటకు 5 కిలోమీటర్ల నడక, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఒక గంట. మీ దారిలో దిగడానికి గంటా 12 నిమిషాలు, ఎక్కి రావడానికి దాదాపు 2 గంటలు వస్తుంది. అయితే ఇది ఆగకుండా నడిచే దిట్టమైన మనిషి లెక్క. పిల్లవాడు, పెద్దావిడ ఉన్న బృందానికి నేనైతే ఒకటిన్నర రెట్లు చేసి, కూర్చునే సమయం కూడా కలుపుతాను. అప్పుడు దిగడానికి 2 గంటలు, ఎక్కడానికి మూడున్నర గంటలు, అక్కడ గడపడానికి కనీసం ఒక గంట, మొత్తం ఆరున్నర గంటలు. 10కి బయలుదేరితే నాలుగున్నర అవుతుంది. దట్టమైన చెట్ల కింద, అందులోనూ లోయలో, సూర్యాస్తమయానికి చాలా ముందే వెలుతురు తగ్గిపోతుంది కనుక, ఒక కాలు బెణికినా మీ చేతిలో మిగులు సమయం ఉండదు. 8 గంటలకైనా బయలుదేరండి.

వేరుబాట:
పై లెక్కతో ఏకీభవిస్తాను కానీ, దిగడాన్ని మరీ తేలికగా తీసుకోవద్దని నా మనవి. నైస్మిత్ సూత్రానికి తరువాత బ్రిటన్ పర్వతారోహకుడు ఎరిక్ లాంగ్‌మ్యూర్ చేసిన సవరణ ప్రకారం, దిగుడు 12 డిగ్రీల కంటే నిటారుగా ఉంటే ప్రతి 300 మీటర్లకు 10 నిమిషాలు కలపాలి. సమయం తీసివేయవలసినది 5 నుంచి 12 డిగ్రీల మధ్య ఉండే మెత్తని దిగుడులోనే. అడవి బాటలో తడిసిన వేళ్లు, ఆకుల కింద దాగిన రాళ్లు ఉంటాయి కాబట్టి, నిటారు దిగుడులో పెద్దవారి మోకాళ్లకు అది ఎక్కుడు కంటే పెద్ద పరీక్ష. అమ్మగారికి పొడుగు మార్చుకోగల రెండు చేతికర్రలు ఇవ్వండి. దిగేటప్పుడు కర్రలను కొంచెం పొడుగు చేసి, ఎక్కేటప్పుడు కురచ చేయాలి. బూట్లు కొత్తవి వద్దు. వాటి ఖరీదు కంటే అడుగుభాగంలోని గాడులు అరిగిపోకుండా ఉండటమే ముఖ్యం. కాలి గోళ్లు ముందురోజే కత్తిరించుకోవాలి, లేకపోతే దిగుడంతా వేళ్లు బూటు ముందుభాగానికి గుద్దుకుంటూనే ఉంటాయి (ఇది నేను గోరు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం).

మధ్యస్థం అన్న మాటను కూడా నమ్మకండి. అది ఎవరు, ఏ కాలంలో, ఎటువంటి కాళ్లతో నడిచి రాశారో మనకు తెలియదు. పటంలోని సమోన్నత రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) చూడండి. అవి దగ్గరదగ్గరగా ఉన్నచోట వాలు ఎక్కువ.

తొలిఅడుగు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పటం తెరిచి చూశాను. మొదటి 4 కిలోమీటర్లలో 150 మీటర్లే దిగుతున్నాము. మిగిలిన 300 మీటర్లూ చివరి 2 కిలోమీటర్లలోనే ఉన్నాయి. పైగా జలపాతానికి కొద్ది దూరం ముందు బాట ఒక వాగును దాటుతోంది.

నిదానపునడక:
అయితే ఎక్కుడులో అతి కష్టమైన భాగం తిన్న వెంటనే ఎదురవుతుందన్నమాట. జలపాతం దగ్గర కొద్దిగా తిని, అసలు భోజనం ఆ 2 కిలోమీటర్లు ఎక్కిన తరువాత పెట్టుకోండి. పిల్లవాడికి కూడా ముందు ఒక ఆశ ఉంటుంది. వెనుదిరిగే వేళ ఇంటి దగ్గరే నిర్ణయించి అందరికీ చెప్పండి. ఉదయం 8కి బయలుదేరితే 10 ప్రాంతంలో చేరుకుంటారు, పదకొండున్నరకు లేస్తే 3కి పైకి వచ్చేస్తారు. ఏ కారణం వల్ల ఆలస్యమైనా సరే, ఒంటిగంట దాటాక దిగువన ఉండకూడదు. అప్పటికి జలపాతం ఇంకా అర కిలోమీటరు ఉందంటే, చూడకుండానే తిరగాలి. ఈ ఒక్క మాట మీద బృందంలో గొడవ రావడం ఖాయం. అందుకే ముందే చెప్పమంటున్నాను.

ఎగువవాన:
వాగు ప్రస్తావన వచ్చింది కనుక రాస్తున్నాను. సమయం గురించి ఇంత లెక్క వేసినవారు నీటి గురించి కూడా అంతే లెక్క వేయాలి. జలపాతం దగ్గర ఎండ కాస్తున్నా, ఎగువన ఎక్కడో కురిసిన వాన కొంతసేపటికి మీ దగ్గరికి వస్తుంది. కాబట్టి వాతావరణ సూచనను జలపాతం ఉన్న చోటికే కాక, ఆ వాగు పుట్టి పారే కొండలన్నిటికీ చూడండి. చేరగానే నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకుని, మధ్యమధ్యలో గమనిస్తూ ఉండండి. తేటనీరు మట్టిరంగుకు తిరిగినా, ఆకులు పుల్లలు కొట్టుకురావడం మొదలైనా, హోరు హెచ్చినా, సామాను సర్దుకోవడానికి కూడా ఆగకుండా ఎత్తుకు వెళ్లాలి. మీకు మరొక చిక్కు ఉంది: నీరు పెరిగితే ఆ వాగు మిమ్మల్ని ఆవలి ఒడ్డున ఆపేస్తుంది. అప్పుడు దాటే సాహసం చేయకుండా, ఎత్తైన చోట కూర్చుని నీరు తగ్గేదాకా ఎదురుచూడటమే దారి. చిన్న వాగులు త్వరగా పొంగి, త్వరగానే తగ్గడం మామూలు. ఆ నిరీక్షణ కోసమే పొడి బట్టలు, అదనపు తిండి, తలకు కట్టుకునే దీపం సంచిలో ఉండాలి.

స్నానం విషయానికి వస్తే, నీరు పడే చోటికి సరిగ్గా కిందికి ఎవరినీ వెళ్లనివ్వకండి. పైనుంచి నీటితో పాటు రాళ్లు, కొమ్మలు కూడా పడతాయి. అక్కడి తెల్లని నురగ నీటిలో గాలి ఎక్కువగా కలిసి ఉంటుంది కాబట్టి మనిషి సరిగా తేలడు, బాగా ఈదగలిగినవాడిని కూడా సుడి లోపలికి లాగుతుంది. పైనుంచి దూకడం ఎలాగూ మానాలి, ఎందుకంటే పోయినసారి లోతుగా ఉన్న చోట ఈసారి కొట్టుకొచ్చిన బండ ఉండవచ్చు. జలపాతం తలమీదికి ఫోటో కోసం ఎక్కడం వీటన్నిటికంటే ప్రమాదకరం. నాచు పట్టిన తడి బండ మీద ఏ బూటూ నిలవదు.

తొలిఅడుగు:
వాగు సంగతి నేను అసలు ఆలోచించలేదు. ఎగువన వాన సూచన ఉంటే ప్రయాణం వాయిదా వేస్తాము. చివరగా రెండు సందేహాలు: అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదట, దారి తప్పితే ఎలా? తాగునీరు ఎంత మోసుకెళ్లాలి?

వేరుబాట:
మీరున్న చోటును ఫోన్ ఉపగ్రహాల ద్వారా గుర్తిస్తుంది కాబట్టి దానికి సిగ్నల్ అవసరం లేదు, పటాన్ని ముందే ఫోన్‌లోకి దించుకుంటే చాలు. అయితే ఇరుకు లోయలోనూ, దట్టమైన చెట్ల కిందా పటంలో మీ చోటును చూపే చుక్క పక్కకు జరిగి కనిపించవచ్చు, కనుక బాట చీలే చోట్లను కాగితం మీద కూడా రాసుకోండి. సిగ్నల్ కోసం వెతుకుతూ బ్యాటరీ తరిగిపోతుంది, ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. ఇంట్లో ఉన్నవారికి మీ దారి, తిరిగి వచ్చే సమయం, ఎన్నింటి దాకా కబురు రాకపోతే సహాయం కోరాలో రాసి ఇవ్వండి.

నీరు నడిచే గంటకు మనిషికి సుమారు అర లీటరు, ఎండగా ఉంటే ఇంకాస్త ఎక్కువ. మీ లెక్కకు తలా మూడు లీటర్లు. వాగునీరు ఎంత తేటగా కనిపించినా మరిగించకుండా తాగవద్దు. అది బుడబుడమని ఒక నిమిషం పూర్తిగా మరగాలి, 2000 మీటర్ల పైఎత్తున అయితే మూడు నిమిషాలు. మరొక చిన్న సంగతి: జలపాతం హోరులో పిలుపు పది అడుగుల దూరానికి కూడా వినిపించదు, అందుకని 'రండి', 'ఆగండి', 'పైకి వెళ్లండి' అనే మూడిటికి చేతి సైగలు మీ అబ్బాయితో ముందురోజే అనుకోండి.